హాల్లో మంచం

నాకు కుడి మోకాలు మార్చి ఏడాది దాటింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు నడుస్తున్నాను, మెట్లెక్కుతున్నాను, కారులో నా అంతట నేనే ఎక్కి కూర్చుంటున్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మధ్యలో రాయబోయేవి చదివి ఎవరైనా బెదిరిపోయి ఆపరేషన్ మానుకుంటే ఆ పాపం నాకొద్దు.

మాది తెనాలి. మా ఆయన పోయాక మా అమ్మాయి స్పాన్సర్ చేసి కెనడా తీసుకొచ్చింది. బ్రాంప్టన్‌లో ఉంటాం. అమ్మాయి, అల్లుడు, ఆరో తరగతి చదివే మనవడు, నేను. నా వయసు 68.

మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని తెనాలిలో ఉండగానే చెప్పారు. మోకాలి చిప్పల మార్పిడి అనే మాట నేను మొదట విన్నది మాత్రం వాజ్‌పేయి గారి వల్ల. 2000లో ఒక మోకాలు, 2001లో రెండోది, బొంబాయి బ్రీచ్ కాండీ ఆస్పత్రిలో మార్చారు. అమెరికాలో స్థిరపడిన రణావత్ అనే డాక్టరు వచ్చి చేశారు. మా ఆయన పేపరు చదివి వినిపిస్తూ, "ప్రధానమంత్రి కాబట్టి అమెరికా నుంచి డాక్టరొచ్చాడు, నీకెవరొస్తారే" అని నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి నాకు నొప్పి లేదు.

కెనడాలో ఈ ఆపరేషన్‌కి డబ్బు కట్టక్కర్లేదు. కాచుకోవాలి. ఆపరేషన్ ఖాయమైన దగ్గర్నుంచి 26 వారాల్లోగా చెయ్యాలని ప్రభుత్వాలే ఒక గడువు పెట్టుకున్నాయి. చాలామందికి అది దాటిపోతుంది. నాకూ దాటింది. తీరా వచ్చిన తేదీ జనవరి నెలాఖరు. ఆ మంచులో ఎలా అని అమ్మాయి భయపడింది. వదులుకుంటే మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు. సరేనన్నాం.

ఇక్కడ ఒక మాట. సూపర్ వీసా మీద సందర్శకులుగా వచ్చే తల్లిదండ్రులకు ఈ ఉచిత ఆపరేషన్ వర్తించదు. వాళ్లు కొనుక్కునే లక్ష డాలర్ల ఇన్సూరెన్సు అత్యవసరాలకే. ఎప్పట్నుంచో ఉన్న మోకాళ్ల నొప్పికి అందులో పైసా రాదు. అలాంటివాళ్లు ఇండియాలోనే చేయించుకుని, బాగా కోలుకున్నాకే విమానం ఎక్కడం మేలు. నాకు పర్మనెంట్ రెసిడెన్సీ, ఒంటారియో ఆరోగ్య కార్డు ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

తెనాలిలో మా తోడికోడలు చేయించుకున్నప్పుడు వారం రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇంటికొచ్చాక నెల రోజులు ఆయాను పెట్టుకున్నారు. ఫిజియో అబ్బాయి రోజూ ఇంటికొచ్చాడు. ఇక్కడ చాలామందిని ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమే పంపించేస్తున్నారు. నన్ను ఒక రాత్రి ఉంచారు. ఆ తరువాత ఆస్పత్రి, ఆయా, అన్నీ ఇల్లే. ఆ సంగతి మాకు ముందే చెప్పారు. చెప్పడం వేరు, అనుభవించడం వేరు.

మా ఇంట్లో పడగ్గదులు, స్నానాల గది పైన. కింద ఒక చిన్న టాయిలెట్ మాత్రం ఉంది. అందుకని అల్లుడు సోఫా తీసేసి టీవీ ఎదురుగా మంచం వేశాడు. తివాచీలు చుట్టి బేస్‌మెంట్‌లో పెట్టాడు. టాయిలెట్ మీద బిగించే ఎత్తు సీటు, వాకర్, నడుముకు కట్టి పట్టుకునే బెల్టు కొన్నాడు. ఆస్పత్రివాళ్లు ముందే పెట్టిన క్లాసుకు అమ్మాయితో పాటు అతనూ వచ్చాడు. ఆ బెల్టు ఎక్కడ పట్టుకోవాలో, ఎటు నిలబడాలో నోట్ చేసుకున్నాడు. అప్పుడు నేను సిగ్గుతో తల వంచుకుని కూర్చున్నాను. అది అమ్మాయే చూసుకుంటుందిలే అనుకున్నాను.

ఆపరేషన్ రోజు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వెన్నులో మత్తిచ్చారు. కాలికి వేరే ఇంజెక్షన్ చేశారు. ఎక్కడో వడ్రంగి పని జరుగుతున్నట్టు చప్పుడు వినిపించింది. నిద్రపోయాను. మధ్యాహ్నం లేపి నిలబెట్టారు. కాలు నాది కానట్టుంది, నొప్పి మాత్రం లేదు. మర్నాడు మెట్లెక్కించి చూశారు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాను. ఇంతేనా అనుకున్నాను. చెల్లెలికి ఫోన్ చేసి "ఏమీ లేదే, పన్ను పీకించుకున్నట్టుంది" అన్నాను.

ఆ రాత్రి మూడు గంటలకు కాలి ఇంజెక్షన్ ప్రభావం దిగిపోయింది. రెండు కాన్పులయ్యాయి నాకు. ఇది అలాంటిది కాదు. కాన్పు నొప్పి వచ్చి పోతుంది, మధ్యలో ఊపిరి పీల్చుకోవచ్చు. ఇది తగ్గలేదు. కాలు కదిపితే నొప్పి, కదపకపోతే నొప్పి. గట్టిగా అరిచాను. మనవడు మెట్ల మీదకొచ్చి నిలబడ్డాడు. వాణ్ణి చూసి కూడా ఆపుకోలేకపోయాను. అమ్మాయి హైడ్రోమార్ఫోన్ అనే బలమైన నొప్పి మాత్ర ఇచ్చింది. అది పనిచేసేదాకా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఈ రాత్రి వస్తుందని ఆస్పత్రి కాగితంలో రాసే ఉంది. నొప్పి ముదిరాక కాదు, ముదరకముందే మాత్ర వేసుకోవాలని కూడా ఉంది. మీకెవరికైనా ఈ ఆపరేషన్ అయితే మొదటి రెండు రాత్రులకు అలారం పెట్టుకోండి.

మొదటి వారం మాత్రలు, ఐసు, నిద్ర, అంతే. టైలనాల్ (పారాసిటమాల్) వేళ ప్రకారం. వాపుకు ఒకటి. బలమైనది అవసరమైతేనే. ఆ బలమైన దానితో కడుపు కట్టేసింది. ఇది రాయడానికి కాస్త మొహమాటంగా ఉంది కానీ, ఆ వారంలో మోకాలి కన్నా దానితోనే ఎక్కువ బాధపడ్డాను. విరేచనం మందు ఆ మాత్రతో పాటే మొదలెట్టాలట. ఐసుకు ఫ్రీజర్లో బఠాణీల సంచులు పెట్టుకున్నాం. అవి మోకాలి చుట్టూ చక్కగా ఒదుగుతాయి. మెత్తబడితే మళ్లీ ఫ్రీజర్లోకి. వాటిని ఎవరూ కూరలో వెయ్యకుండా మనవడు సంచి మీద "అమ్మమ్మ మోకాలు" అని రాసి అంటించాడు.

తెనాలి నుంచి పథ్యం ఫోన్లు మొదలయ్యాయి. పప్పు తినొద్దు, చీము పడుతుంది. వంకాయ వద్దు. గోంగూర పేరెత్తొద్దు. డిశ్చార్జి చేసేటప్పుడు నర్సు గాయం మానాలంటే పప్పులూ గుడ్లూ పెరుగూ బాగా తినమంది. నేను అటూ ఇటూ కాకుండా పప్పు తిని, వంకాయ మానేశాను. గాయం మానింది.

రెండో వారం అమ్మాయి ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చింది. సెలవు అయిపోయింది. అల్లుడిది ఇంటి నుంచి చేసే ఉద్యోగం. పగలు ఇంట్లో అతనూ నేనూ.

మా తరం వాళ్లకు ఇది ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. పెళ్లయి పద్నాలుగేళ్లయినా అల్లుడు హాల్లోకొస్తే నేను కుర్చీలోంచి లేచి నిలబడేదాన్ని. ఇప్పుడు నైటీలో, జుట్టు దువ్వుకోకుండా, హాలు మధ్యలో మంచం మీద ఉన్నాను. నైటీ మీద తువ్వాలు కప్పుకునేదాన్ని. వాకర్ పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి, తువ్వాలు జారిపోయేది. అతణ్ణి పిలవాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించాను. ఒక మధ్యాహ్నం ఇక తప్పక టాయిలెట్‌కి వెళ్లాను. ఒక్కదాన్నే వెళ్లాను, కూర్చున్నాను. లేవలేకపోయాను. పక్కన పట్టుకున్న చెయ్యి వణికింది, కళ్లు తిరిగాయి. చాలాసేపు అలాగే కూర్చున్నాను. అమ్మాయి వచ్చేది సాయంత్రం ఆరుకి. చివరికి పిలిచాను. గొంతు పెగల్లేదు. మళ్లీ పిలిచాను.

అతను తలుపు అవతలే ఆగి, "వస్తున్నానండీ అత్తయ్యగారూ" అన్నాడు. తువ్వాలు ఒళ్లో వేసుకునేంత సేపు ఆగాడు. లోపలికొచ్చి మొహం గోడవైపు తిప్పుకుని మోచెయ్యి అందించాడు. బెల్టు కట్టాడు. లేపుతూ, "బయట మళ్లీ మంచు మొదలైందండీ, రేపు స్కూళ్లు ఉంటాయో ఉండవో" అన్నాడు. మంచం దాకా మంచు గురించే మాట్లాడాడు. పడుకోబెట్టి, ఓఆర్ఎస్ కలిపిన గ్లాసు చేతికిచ్చి, మీటింగుకు వెళ్లిపోయాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. మర్నాటి నుంచి నీళ్లు మామూలుగా తాగాను. అవసరమైనప్పుడల్లా పిలిచాను. ఆయన బతికి ఉంటే ఆ సాయం చెయ్యడానికి విసుక్కునేవారేమో. ఇది రాస్తే ఆయన ఏమీ అనుకోరులెండి.

ఆ వారంలోనే ఒక రాత్రి పిక్కలో నొప్పి మొదలైంది. మోకాలి నొప్పి అప్పటికి నాకు బాగా తెలుసు. ఇది అది కాదు. పిక్క గట్టిగా, వేడిగా ఉంది. రెండో కాలి కన్నా లావుగా ఉంది. కాలిలో రక్తం గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదకొస్తుందని క్లాసులో చెప్పారు. తెనాలిలో మా వీధిలో ఒకావిడ అలాగే పోయింది. గడ్డ కట్టకుండా నాకు మొదట కొద్ది రోజులు రివరాక్సబాన్ ఇచ్చి, తరువాత 81 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌కి మార్చారు. ఈ పద్ధతిని కెనడాలోనే 3,400 మందికి పైగా రోగుల మీద పరీక్షించారని, అలా మార్చినా రక్షణ తగ్గలేదని 2018లో తేలిందని మందుల షాపులో ఫార్మసిస్టు ఓపిగ్గా చెప్పింది. పగలు విన్నప్పుడు నమ్మకం కుదిరింది. అర్ధరాత్రి మాత్రం, ఆస్పిరిన్ తలనొప్పి మాత్ర కదా, అది నన్నేం కాపాడుతుంది అనిపించింది.

ఒంటారియోలో 811కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా నర్సు మాట్లాడుతుంది. అమ్మాయి చేసింది. ఊపిరి ఆడుతోందా, గుండెలో నొప్పి ఉందా, వాపు ఒక్క కాలికేనా అని అడిగి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లమంది. మైనస్ 17. వాకిట్లో ఉప్పు చల్లి, నన్ను ఇద్దరూ చెరోవైపు పట్టుకుని కారెక్కించారు. కుడికాలు మడవలేను కాబట్టి వెనక సీట్లో అడ్డంగా కూర్చోబెట్టారు. దారంతా నేను గట్టిగా ఊపిరి పీల్చి వదులుతూ, ఆడుతోందో లేదో చూసుకుంటూనే ఉన్నాను. బంగారం ఎక్కడుందో అమ్మాయికి చెప్పాను. "అమ్మా, ఊరుకో" అంది. దాని గొంతు కూడా బాగా లేదు.

ఎమర్జెన్సీలో తెల్లవారేదాకా కూర్చున్నాం. తరువాత స్కానింగ్. స్కానింగ్ చేసే అమ్మాయి పరికరంతో తొడ నుంచి పిక్క దాకా అంగుళం అంగుళం నొక్కుతూ వచ్చింది. నొక్కితే సిర చప్పబడాలట. లోపల గడ్డ ఉంటే చప్పబడదు. తెర మీద ఒక నల్లటి చుక్క నొక్కినప్పుడల్లా మూసుకుని తెరుచుకుంటోంది. నేను ఆ చుక్కనే చూస్తూ పడుకున్నాను. ప్రతిసారీ మూసుకుంది. గడ్డ లేదు, పైనుంచి దిగిన వాపు మాత్రమే అన్నారు. ఆ మాట వినగానే నాకు విపరీతమైన ఆకలేసింది. అల్లుడు టిమ్ హార్టన్స్‌లో ఆపి బేగెల్ కొనిచ్చాడు. అనవసరంగా పరిగెత్తామని ఎవరూ అనలేదు. మీకూ అలా అనిపిస్తే వెళ్లండి. మొహమాటపడకండి.

తరువాత ఫ్యామిలీ డాక్టర్ దగ్గర పిన్నులు తీశారు. దారంతో కుట్టలేదు, స్టేప్లర్ పిన్నులు వేశారు. తీసేటప్పుడు చీమ కుట్టినంత నొప్పి. అది సులువుగానే గడిచింది.

మూడో వారం నుంచి ఆరో వారం దాకా ఉన్న కాలమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. మొదట్లో అందరూ ఫోన్లు చేస్తారు. తరువాత ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. ఒంటారియోలో 65 దాటినవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో ఫిజియో ఉంది. అక్కడి అమ్మాయి చెప్పింది ఒక్కటే. కాలు పూర్తిగా చాపడం రావాలి, పూర్తిగా మడవడం రావాలి. చాపడానికి మడమ కింద మాత్రమే దిండు పెట్టాలి, మోకాలి కింద పెట్టకూడదు. మోకాలి కింద పెడితే హాయిగా ఉంటుంది, కానీ కాలు వంకరగానే ఉండిపోతుంది. మడవడానికి కుర్చీలో కూర్చుని పాదం వెనక్కి జార్చాలి. జారదు. బాగున్న కాలితో దాన్ని వెనక్కి నెట్టి పట్టుకోవాలి. తొడ మీద తోలు చిరిగిపోతుందనిపిస్తుంది. మనవడు స్కూలు జామెట్రీ బాక్సులో కోణమానిని తెచ్చి మోకాలి పక్కన పెట్టి కొలిచేవాడు. "అమ్మమ్మా, నిన్నటంతే" అనేవాడు. వాడి తప్పేం లేదు. ఆ మాట వినలేక ఒకరోజు వాణ్ణి కసిరాను.

రాత్రిళ్లు నిద్ర లేదు. వెల్లకిలా తప్ప పడుకోలేను. కిటికీలోంచి మంచు, వీధి దీపం. ఎందుకు చేయించుకున్నాను, నొప్పితోనైనా నడిచేదాన్ని కదా అనే ఆలోచన. ఇక్కడ రాత్రి రెండంటే తెనాలిలో మధ్యాహ్నం పన్నెండున్నర. చెల్లెలికి ఫోన్ చేసేదాన్ని. అది వంట చేసుకుంటూ ఫోన్ స్పీకర్లో పెట్టేది. పోపు చిటపటలు, కుక్కర్ కూత వినపడేవి. "ఆఁ, చెప్పక్కా" అనేది. నేను ఏమీ చెప్పేదాన్ని కాదు. కరివేపాకు కట్ట ఎంతైందో, ఎవరింట్లో పెళ్లి కుదిరిందో అదే చెప్పేది. ఒక్కసారి కూడా నాకు పనుంది, పెట్టేస్తానని అనలేదు.

ఆరో వారం సర్జన్ చూశారు. ఎక్స్‌రే బాగుంది. తొడ ఎముక చివర లోహపు తొడుగు, కింది ఎముక మీద లోహపు పళ్లెం, మధ్యలో ప్లాస్టిక్, అన్నీ కుదురుగా ఉన్నాయి. కానీ కాలు 85 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. కుర్చీలోంచి సులువుగా లేవాలన్నా, మెట్లు దిగాలన్నా 90 దాటాలి. ఇలాగే ఉంటే మూడో నెల లోపల మత్తిచ్చి కాలు వంచాల్సి వస్తుందేమో అన్నారు. మత్తిచ్చి బలవంతంగా వంచడం! ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఆ సాయంత్రం పక్కింటి పంజాబీ పెద్దావిడ వచ్చింది. అప్పటిదాకా వారానికొకసారి కిచిడీ గిన్నె గుమ్మంలో ఇచ్చి వెళ్లేది. ఆ రోజు లోపలికొచ్చి, నా ఎదురుగా కూర్చుని, సల్వార్ పైకి లాగింది. రెండు మోకాళ్ల మీదా నిలువుగా తెల్లటి గీతలు. నా హిందీ దూరదర్శన్ హిందీ, ఆవిడది సగం పంజాబీ. అయినా అర్థమైంది. ఆవిడ కాలు కూడా ఇలాగే పట్టేసిందట. ఏడుపొస్తే ఏడు, కానీ వంచు అంది. మాత్ర వేసుకుని అరగంట ఆగి అప్పుడు వంచు, ఒకేసారి గంట కాదు, గంటకోసారి కాస్త అంది. అంతకుముందు ఫిజియో చెప్పిందీ అదే. ఆవిడ చెప్పాక చేశాను. అవతలి మనిషి మోకాలు కళ్లముందు పూర్తిగా వంగడం చూడటం వల్లనేమో.

ఫిజియో సెంటర్లో కదలని సైకిలు ఉంది. నా కాలు పెడల్‌ను పై దాకా తీసుకెళ్లలేక సగంలో ఆగేది. ముందుకి సగం, వెనక్కి సగం, ఉయ్యాల ఊపినట్టు. రోజూ అదే. తొమ్మిదో వారంలో ఒక పొద్దున వెనక్కి తొక్కుతుంటే పెడల్ పైకెళ్లింది, ఆగలేదు, అవతలికి దిగింది. ముందు వెనక్కి తిరుగుతుందట, తరువాతే ముందుకు. "ఆపకండి" అంది ఫిజియో అమ్మాయి. ఆపలేదు. నొప్పి ఉంది, నవ్వూ వస్తోంది. ఆ సాయంత్రం మనవడు కొలిచి 108 అన్నాడు. వాడే రెండుసార్లు కొలిచాడు. మత్తిచ్చి వంచే అవసరం రాలేదు.

మూడో నెలలో వాకర్ వదిలి చేతికర్రకి వచ్చాను. కర్ర ఎడమ చేత్తో పట్టుకోవాలి, ఆపరేషన్ కాలికి అవతలి వైపు. బయట ఇంకా మంచు గడ్డలున్నాయి. కర్ర చివర తగిలించుకునే ఇనప ముల్లు దొరుకుతుంది, అది కొన్నాం. నడక మాత్రం బ్రామలీ సిటీ సెంటర్ మాల్‌లో. అక్కడ నాలాంటి ముసలివాళ్లు గుంపులుగా నడుస్తుంటారు. ఒకళ్ల నడక చూసి ఒకళ్లం ఏ మోకాలో చెప్పుకునేవాళ్లం.

ఆ రోజుల్లో మనవడు ఎక్కడో చదివి చెప్పాడు. ఈ మోకాళ్ల చరిత్రలో కెనడావాడొకడున్నాడు. మానిటోబాకు చెందిన ఫ్రాంక్ గన్‌స్టన్. ముందు ఇంజినీరింగ్, తరువాత వైద్యం చదివాడు. 1968లో ఇంగ్లండ్‌లోని రైటింగ్‌టన్ ఆస్పత్రిలో కొత్తరకం కీలు తయారుచేశాడు. మోకాలు తలుపు బందులా ఒక్కచోటే తిరగదు, వంగుతున్నకొద్దీ తిరిగే చోటు మారుతుందని గుర్తించి దానికి తగ్గట్టు చేశాడట. పేటెంటు తీసుకోలేదట. ఆయనకు కూడా మనసులో ఒక దణ్ణం పెట్టుకున్నాను.

ఇంకా మిగిలినవి ఉన్నాయి. మచ్చకు బయటివైపు అరచేతి మేర స్పర్శ లేదు, అది రాకపోవచ్చన్నారు. నడుస్తుంటే లోపల టిక్కుమంటుంది. చాలా నెలల పాటు సాయంత్రానికి మోకాలు వేడెక్కేది. కింద కూర్చోలేను. శ్రావణ శుక్రవారం కుర్చీలో కూర్చునే పూజ చేసుకున్నాను.

ఎడమ మోకాలికి కూడా పేరు రాయించాను. ఎత్తు సీటు, వాకర్, బెల్టు బేస్‌మెంట్‌లోనే ఉన్నాయి. అల్లుడు ఎవరికీ ఇవ్వనివ్వలేదు. ఈసారి భయం తగ్గిందా అని చెల్లెలు అడిగింది. తగ్గలేదు. ఆ రెండో రాత్రి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుసు కాబట్టి కాస్త పెరిగింది కూడా. తేదీ వస్తే మాత్రం వెళ్తాను. ఎండాకాలంలో ఇవ్వమని అడిగాం. వాళ్లు ఎప్పుడిస్తే అప్పుడే.